ఆయన విజయవాడలో, నేను గుంటూరులో... ఇల్లు మంగళగిరిలో కొనాలా?

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. మావారు విజయవాడ ఆటోనగర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. పటమటలో 16 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. పొద్దున ఎనిమిదికి ముందే బయలుదేరినా పదింటికి సీట్లో కూర్చోవడం కష్టంగా ఉంది. ఇద్దరికీ కలిపి నెలకు 1.20 లక్షలు చేతికొస్తాయి. పాప జూన్‌లో ఎల్‌కేజీలో చేరాలి. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. ఇద్దరికీ మధ్యలో ఉంటుందని మంగళగిరిలో 62 లక్షల ఫ్లాట్ చూశాం. మా దగ్గర 14 లక్షలున్నాయి. మిగతా 48 లక్షలకు మావారి పేరు మీద లోన్ ఇప్పిస్తానని బిల్డర్ అంటున్నాడు. ఒక కారు తీసుకుంటే నేను రోజూ డ్రైవ్ చేసుకుని వెళ్లొచ్చని ఆలోచన. తీసుకోమంటారా?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మంగళగిరికి మారండి. ఫ్లాట్ మాత్రం ఇప్పుడే కొనకండి.

ముందు మీ లెక్క చూద్దాం. 14, 48 కలిపితే సరిగ్గా 62. రిజిస్ట్రేషన్ ఏదమ్మా? ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. అంటే 4.65 లక్షలు. ఫ్లాట్ ఇంకా కట్టుబడిలో ఉంటే 5 శాతం జీఎస్టీ, మరో 3.10 లక్షలు. కప్‌బోర్డులు, ఫ్యాన్లు, మెష్ తలుపుల ఖర్చు దీని పైన. గృహప్రవేశం నాటికి మీ పొదుపు మొత్తం ఊడ్చుకుపోయి, చేబదుళ్లు మొదలవుతాయి. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ అయితే ఈఎంఐ 41 వేలు దాటుతుంది. మీ జీతాలకు ఆ లోన్ ఇస్తామని ఏ బ్యాంకైనా అంటుంది. నా భయం ఈఎంఐ గురించి కాదు. అత్తయ్యగారికి ఏదైనా అయితే తీయడానికి చేతిలో రూపాయి ఉండదు.

రెండో సంగతి. మీరు బ్యాంకు ఉద్యోగి అయ్యుండి బిల్డర్ తెచ్చే లోన్ ఎందుకు? సిబ్బందికి తక్కువ వడ్డీకిచ్చే హౌసింగ్ లోన్ మీకు ఎప్పటినుంచి వస్తుందో, ఎంత వస్తుందో హెచ్‌ఆర్‌లో కనుక్కున్నారా? చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టుంది. అలాగే ఆఫీసర్లకు లీజు ఇంటి సదుపాయం ఉంటుంది. గ్రేడును బట్టి ఒక పరిమితి దాకా అద్దె బ్యాంకే కడుతుంది, బదులుగా హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) రాదు. మంగళగిరి ఇంటికి అది వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడగండి. వర్తిస్తే కొనడం, అద్దెకుండడం అనే పోలికే మారిపోతుంది. లోన్‌తో పన్ను తగ్గుతుందన్న ఆలోచన ఉంటే అదీ పక్కన పెట్టండి. కొత్త పన్ను విధానంలో, మీరుండే ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు.

అసలు చిక్కు బదిలీ. ఆటోనగర్ ఉద్యోగం కదిలేది కాదు, మీది కదిలేది. గుంటూరు వచ్చి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. రేపు ఒంగోలో, ఏలూరో వేస్తే ఈ ‘మధ్య’ ఎవరికి మధ్య? 20 ఏళ్ల అప్పును మూడు నాలుగేళ్ల పోస్టింగ్‌కి ముడిపెట్టకండి.

మంగళగిరి ధరల్లో రాజధాని ఆశ కూడా కలిసి ఉంటుంది. 2014 తర్వాత అక్కడ రేట్లు ఎలా ఎగిశాయో, 2019 చివర్లో మూడు రాజధానుల ప్రకటనతో ఎలా చల్లబడ్డాయో, 2024 తర్వాత మళ్లీ ఎలా లేచాయో చుట్టుపక్కల ఎవర్నడిగినా చెబుతారు. స్థలం మీద పందెం కాసేవాళ్లు కాయనివ్వండి. మీకు కావాల్సింది పదింటికి సీట్లో ఉండడం.

అందుకు అద్దె ఇల్లు చాలు. మీకు ఇప్పుడు హైవే కంటే పటమట నుంచి బస్టాండ్‌కి చేరడం, అక్కడ నిలబడడం, కృష్ణా మీది వారధి దాటడం, వీటికే ఎక్కువ సమయం పోతోందనుకుంటాను. మంగళగిరిలో ఉంటే అదంతా మీ వెనకే మిగిలిపోతుంది. అయితే ఇల్లు గుంటూరు బస్సెక్కే చోటికి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. లోపలి లేఅవుట్లలో రెండు మూడు వేలు తక్కువకు మంచి ఇళ్లు దొరుకుతాయి, కానీ రోజూ ఆటో కోసం ఎదురుచూపులు, రాత్రయితే టెన్షన్. ఆ తేడా డబ్బు ఆటోకే పోతుంది.

కారు వద్దు. కాజ టోల్‌ప్లాజా మంగళగిరికి గుంటూరు వైపున ఉంది, అంటే రోజూ రెండుసార్లు మీకే తగులుతుంది. 2025 ఆగస్టులో 3,000 రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ చూసి మురిసిపోకండి. అది ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. రోజూ వెళ్లొచ్చేవాళ్లకు నాలుగు నెలలకే అయిపోతుంది. ప్లాజాకు 20 కిలోమీటర్లలోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెలకు 350 రూపాయల ప్రాంతంలో లోకల్ పాస్ ఉంటుంది, ఎప్పుడైనా కారు కొంటే అది తీసుకోండి. ప్రస్తుతానికి బస్సే మేలు. స్త్రీ శక్తి పథకంలో ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, నాన్‌స్టాప్ బస్సులకు మాత్రం వర్తించదు. ఆలస్యమైన రోజు డబ్బు పెట్టి నాన్‌స్టాప్ ఎక్కండి, తప్పులేదు. రైలు సీజన్ టికెట్ కూడా చవకే, కానీ అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ మంగళగిరిలో ఆగవు.

దీంతో భారం మీవారి మీద పడుతుంది, అది దాచను. ఇప్పుడు పక్కనే ఉన్న ఆఫీసుకు రోజూ వారధి దాటి, బెంజి సర్కిల్ మీదుగా వెళ్లాలి. అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక సోమవారం ఆయన్నే ఆఫీసు టైముకి మంగళగిరి నుంచి బండి మీద వెళ్లమనండి. ఆదివారం చూసి నిర్ణయించుకోవద్దు. ఓ అరగంట ముందు వెళ్లి ముందే వచ్చేలా టైమింగ్ మార్చుకోగలరేమో కూడా అడగమనండి.

పాపను ఇంటికి దగ్గర్లోని బడిలోనే వేయండి, అత్తయ్యగారు ఆటో ఎక్కకుండా వెళ్లి తీసుకురాగలిగేంత దూరంలో. ఎల్‌కేజీకి డొనేషన్ అడిగే పెద్ద స్కూల్ ఇప్పుడు వద్దు, రెండేళ్లలో మీరే ఊరు మారవచ్చు. 14 లక్షల్లో ఆరు నెలల ఇంటిఖర్చు విడిగా ఎఫ్‌డీలో ఉంచి, మిగతాది రెండు మూడేళ్లకు సరిపడే ఎఫ్‌డీలుగా విడగొట్టండి. బిల్డర్‌కి టోకెన్ ఏమైనా ఇచ్చి ఉంటే, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే ఈ వారమే వెనక్కి అడగండి.