క్యాన్సర్ మళ్లీ వచ్చాక అమ్మ ఎవరితోనూ మాట్లాడట్లేదు: సమాధానం

నాలుగేళ్లకు రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టాక అమ్మ పాత పేషెంట్ల గ్రూపులో కూడా మాట్లాడట్లేదన్నారు కదా. అక్కడ ఎక్కువమంది "నాకు తగ్గిపోయింది" అనేవాళ్లే అయ్యుంటారు. ఆ మాటలు వింటుంటే తనే ఏదో తప్పు చేశానని అనిపిస్తుంది. నాకు తిరగబెట్టినప్పుడు నేనూ అలాగే ముడుచుకుపోయాను.

1. చాలామంది వదిలేసేది ఇదే: తిరగబెట్టినవాళ్లనే వెతకండి. కీమో వార్డు సిస్టర్‌నో, ఆసుపత్రి సోషల్ వర్కర్‌నో "రెండోసారి వచ్చినవాళ్లు ఎవరైనా అమ్మతో మాట్లాడతారా?" అని సూటిగా అడగండి. అవతలివాళ్లు సరేనంటే కలుపుతారు. ముందు ఒక్కరు చాలు, గ్రూపు తర్వాత.

2. మొదటిసారి మీరు పక్కన కూర్చోకండి. పిల్లల ముందు అమ్మలు మనసు విప్పరు.

3. మందులు పోల్చుకోవద్దు. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి క్యాన్సర్ కణాల్లో చూసే ఈఆర్, పీఆర్ (హార్మోన్ గ్రాహకాలు), హెర్2 (ఒక ప్రొటీన్) ఫలితాలు తిరగబెట్టినప్పుడు మారొచ్చు. మళ్లీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కావాలా అని డాక్టర్‌ని అడగండి.