పొగాకులో ఆక్సాలిక్ యాసిడ్ లెక్క తేలకపోతే ముందు ఏం చూడాలి?

వర్జీనియా, బర్లీ, లంక పొగాకు మూడింటినీ పొడి చేసి, వేడినీళ్లలో నానబెట్టి హెచ్‌పీఎల్‌సీలో (ద్రవాన్ని కాలమ్ అనే సన్న గొట్టంలోంచి పంపి, అందులోని పదార్థాల్ని విడదీసి కొలిచే యంత్రం) పెట్టానన్నారు. మాలిక్, సిట్రిక్ యాసిడ్లు బాగానే వచ్చాయి, ఆక్సాలిక్ మాత్రం లంక ఆకులో దాదాపు లేదు, బర్లీలో విపరీతంగా ఉంది, కాలమ్ పాడైందా అని అడిగారు. కాలమ్‌కి ఇప్పుడే డబ్బు పెట్టకండి. ఉప్పల్ దగ్గర ఒక ల్యాబ్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసినప్పుడు నాకూ ఇదే టెన్షన్. నేను రెండు తప్పులు చేశాను, మీవీ అవేనేమో చూడండి.

మొదటిది నీళ్లు. పొగాకులో ఆక్సాలిక్‌లో చాలా భాగం కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా ఉంటుంది. ఆకు ముక్కని పోలరైజ్డ్ వెలుతురులో మైక్రోస్కోప్ కింద చూశాను, కణాల్లో సన్న ఇసుక పోసినట్టు మెరుస్తోంది. ఆ ఇసుక నీళ్లలో కరగదు. 2 నార్మల్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేసి 80 డిగ్రీల వాటర్ బాత్‌లో పావుగంట ఉంచండి. అలా వచ్చేది మొత్తం ఆక్సాలిక్, నీళ్లలో వచ్చింది కరిగే భాగం, తేడా కాల్షియంతో ఉన్నది. కాలమ్‌లోకి పంపే ముందు మాత్రం బాగా పలచన చేయాలి.

రెండోది ఇంకా మోసం. ఈ యాసిడ్లని 210 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో చూస్తాం, అక్కడ నైట్రేట్ కూడా గట్టిగా కనిపిస్తుంది. మామూలుగా వాడే సీ18 రకం కాలమ్‌లో అదీ, ఆక్సాలిక్కూ రెండూ మొదట్లోనే బయటికొస్తాయి. బర్లీకి నత్రజని ఎరువు ఎక్కువ వేస్తారు, అందుకే ఆకులో నైట్రేట్ ఎక్కువ, అందులోనూ ఈనెలో మరీ ఎక్కువ. నేను నెల రోజులు ఆక్సాలిక్ అని రాసుకున్న పీక్‌లో (గ్రాఫ్‌లో లేచే శిఖరం) సగం నైట్రేటే! కాస్త పొటాషియం నైట్రేట్ కలిపి మళ్లీ పెట్టి చూడండి, అదే పీక్ పెరిగితే విషయం తెలిసిపోతుంది. వీలుంటే మిథైల్ ఎస్టర్లుగా మార్చి గ్యాస్ క్రోమటోగ్రఫీలో (ఆవిరిగా మార్చి విడదీసే పద్ధతి) సరిచూసుకోండి, అక్కడ నైట్రేట్ బెడద ఉండదు.

బర్లీలో సిట్రిక్ ఎక్కువ ఉంటే కంగారు పడకండి, అది నిజమే. వర్జీనియాని బ్యారన్‌లో (పొగాకు ఎండబెట్టే గది) వేడితో వారం లోపే ఎండగడతారు. బర్లీ నీడలో వారాల తరబడి వేలాడుతుంది, ఆ ఆకు చాలా రోజులు బతికే ఉండి మాలిక్‌ని సిట్రిక్‌గా మార్చుకుంటుంది.

తూకం కూడా జాగ్రత్త. జంగారెడ్డిగూడెం నుంచి మా బాబాయి బస్సులో పంపిన ఆకు జూలై వానలో, పొద్దున చేతిలో పెళుసుగా విరిగింది, సాయంత్రానికి గుడ్డలా వంగింది. 2 గ్రాములు తూచినప్పుడు ఆ తేమనీ తూచినట్టే. ప్రతి బ్యాచ్‌లో కొంత పొడి పక్కన తీసి తేమ చూసి, పొడి బరువు మీద లెక్కేయండి.

ఈనెలు తీసేసి ఆకునే పొడి చేయండి. తీసిన ఈనెలు పారేయకండి, నైట్రేట్ పీక్ ఎక్కడొస్తుందో చూడటానికి అవే పనికొస్తాయి.