ఫిడేలు ఇంట్లోనే ఉండనివ్వండి

ప్రశ్న: గురువుగారూ, ఉద్యోగం చేసుకుంటూ వయొలిన్ సాధన చేస్తున్నాను. కృతులు బాగానే వస్తాయి గానీ, రాగాన్ని అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే ఆలాపనకు కూర్చుంటే ఎప్పుడూ అవే సంగతులు, అంటే అవే స్వరాల అల్లికలు. మీరు అమెరికాలో అడవి సరస్సుల మీద కెనూ పడవలో తిరిగి, గుడారంలో ఉండి వచ్చారని విన్నాను. అలాంటి చోట కొత్త ఊహలు పుడతాయా? వాద్యం వెంట తీసుకెళ్లాలా? సాధన ఆగితే చెయ్యి పాడవదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ముందు వాద్యం సంగతి చెబుతానమ్మా. తీసుకెళ్లకండి. ఫిడేలు చెక్కలను పట్టి ఉంచేది జంతు చర్మం నుంచి తీసిన జిగురు. తేమకూ వేడికీ మెత్తబడుతుంది. పడవలో తడవని సామానంటూ ఉండదు.

మా అబ్బాయి నన్ను తీసుకెళ్లిన చోటు బౌండరీ వాటర్స్. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం ఉత్తర భాగంలో, కెనడా సరిహద్దు వెంట ఉంటుంది. వెయ్యికి పైగా సరస్సులు. చాలావాటిలో మోటారు పడవలు నిషేధం. ఒక జట్టులో 9 మందికి మించకూడదు. ఒక సరస్సు దాటాక కెనూను భుజాల మీద బోర్లించుకుని, కాలిబాటన మోసుకెళ్లి తర్వాతి సరస్సులో దించాలి. ఆ బాటల పొడవును ‘రాడ్’లలో చెబుతారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, దాదాపు ఒక కెనూ పొడవు.

ఊహల మాటకొస్తే, అక్కడ నాకు ఒక్కటీ పుట్టలేదు. రాత్రిళ్లు లూన్ అనే నీటిపక్షి కూస్తుంది. ఎక్కడో దూరాన స్వరం ఎత్తి, పైకి జారి, అక్కడే నిలిచి, మళ్లీ దిగుతుంది. మొదట్లో దానికి షడ్జం, అంటే ఆధారమైన ‘స’ స్వరం, ఎక్కడ పెట్టాలి, ఆ జారు ఏ రాగంలో ఇముడుతుంది అని వెతుకుతూనే ఉన్నాను. చెవిన పడినదల్లా కచేరీకి పనికొస్తుందా అని చూడటం మనకు అలవాటు. అది వదలడానికి కొన్నాళ్లు పట్టింది. వదిలాక ఆ కూతను ఉత్త కూతగా వినగలిగాను. మీ ఆలాపనకు లోటు ఊహలు కావనీ, ఇలా వినడమేననీ నా గట్టి నమ్మకం. వేళ్లు ముందు నడుస్తున్నాయి, చెవి వెనక వస్తోంది. అందుకే తెలిసిన సంగతే మళ్లీ వస్తుంది.

అక్కడ నేర్చుకున్నది మాత్రం కాలప్రమాణం, అంటే ఎత్తుకున్న వేగాన్ని నిలకడగా నడపడం. కెనూలో ముందు కూర్చున్నవారు వేగం నిర్ణయిస్తారు, వెనుకవారు దారి చూసుకుంటారు. జీవితమంతా పక్కవాద్యం వాయించిన నాకు గాయకుల నడకను పట్టుకోవడమే తెలుసు. మా అబ్బాయి నన్ను ముందు కూర్చోబెట్టాడు. ఎదురుగాలిలో తెడ్డు తొందరగా వేస్తే భుజాలు త్వరలోనే పడిపోతాయి. చౌకంలో, అంటే నిదానంగా వేస్తే రోజంతా సాగుతుంది. మంద్రంలో, అంటే కింది స్థాయిలో, ఒక స్వరం దగ్గర తొందర లేకుండా నిలబడే ధైర్యం నాకు ఆ యాత్ర తర్వాతే వచ్చింది.

చెయ్యి పాడవదు. అయితే తెడ్డు పిడికి అరచేయి బొబ్బలెక్కుతుంది కనుక చేతి తొడుగులు వేసుకోండి. నీళ్లలో నానిన ఎడమచేతి వేళ్లను తీగ కోస్తుంది. తిరిగొచ్చాక కొద్ది రోజులు తొలి పాఠాలైన సరళీ స్వరాలు, మొదటి కాలంలో, అంటే నెమ్మదైన వేగంలో, ఒక వర్ణం చాలు.

దీనికోసం అమెరికా వెళ్లనక్కర్లేదు. మీకు దగ్గరలోనే అమీన్‌పూర్ చెరువు ఉంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలం తెల్లవారుజామున వెళ్లి పక్షులను వినండి. ఫోనులో రికార్డు చేయవద్దు. చేస్తే మళ్లీ సరుకు పోగుచేయడమే అవుతుంది. పడవ సరదా ఉంటే హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్పేవారున్నారు. లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం ఎవరు పిలిచినా ఎక్కకండి.