ఊళ్లో బాల్యవివాహాలు ఆపినవాళ్లకి సన్మానం: దండ ఎవరు వేయాలి, పత్రంలో ఏం రాయాలి?

కోనసీమలో ఓ ఊరి పూర్వ విద్యార్థుల సంఘం తరఫున మీరడిగింది ఇదీ: పిల్లల కోసం, ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాల కోసం పనిచేసే ఎనిమిది మందికి నలభై వేలలో సన్మానం చేయాలి, పెళ్లి ఆగి చదువుకుంటున్న అమ్మాయి చేతే దండ వేయిస్తే ఎలా ఉంటుంది అని.

దండ సంగతి ముందు తేల్చేద్దాం. వద్దండి. ఆ పిల్ల ఒప్పుకున్నా, వాళ్లమ్మ ఒప్పుకున్నా వద్దు. పెళ్లి చేసేస్తారన్న ముప్పు ఉన్న పిల్ల 2015 నాటి బాలల న్యాయ చట్టం లెక్కలో సంరక్షణ అవసరమైన పిల్లే. అలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి, ఫొటో, గుర్తుపట్టే వీలున్న ఏ వివరమూ పత్రికల్లోగానీ ఇతర మాధ్యమాల్లోగానీ రాకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. తప్పితే ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లైంగిక వేధింపుల కేసైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా ఉంది. ముఖం మసకబెట్టాం కదా అంటే చాలదు. యూనిఫాం కనబడినా, పక్కన పెదనాన్న నిలబడినా ఊళ్లో ఎవరికైనా తెలిసిపోతుంది. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటో సాయంత్రానికి కువైట్‌లో ఉన్న మేనత్త దాకా వెళుతుంది.

చట్టం కన్నా పెద్ద చిక్కు ఊళ్లోనే ఉంది. సన్మాన పత్రంలో ‘నాలుగు బాల్యవివాహాలు ఆపిన ధీరవనిత’ అని రాశారనుకోండి. ఆరు వందల గడపల ఊళ్లో ఆ నాలుగిళ్లు ఏవో పేర్లు చెప్పక్కర్లేదు. ఆ అంగన్‌వాడీ టీచరమ్మ మర్నాడు గుడ్లూ పాలూ పట్టుకుని అదే వీధికి వెళ్లాలి. తలుపు తీయరు. రెండో బిడ్డ బరువు తూయనివ్వరు. ఎక్కడైనా పిల్ల పెళ్లి తలపెట్టారన్న కబురు చెప్పడానికి ఇంకెవరూ ఆవిడ దగ్గరికి రారు. అందుకని సన్మానం ఆ మనిషి ఏళ్ల తరబడి చేస్తున్న పనికి జరగాలి, ఆపిన పెళ్లికి కాదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసిన మనిషి ఎవరో మీకు తెలిసినా వేదిక మీద ఆ ఊసే ఎత్తకండి, కృతజ్ఞత కోసమైనా సరే.

పత్రం ఇలా ఉంటే సరిపోతుంది: ‘ఫలానా గారు ఈ గ్రామంలో పదకొండేళ్లుగా అంగన్‌వాడీ కార్యకర్తగా ఉంటూ, బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి ఓపికగా మాట్లాడి తిరిగి చేర్పిస్తున్నందుకు, కుటుంబాలకు రావలసిన ప్రభుత్వ సాయం అందేలా చూస్తున్నందుకు గ్రామస్థుల కృతజ్ఞతలు.’ ఏ సంవత్సరం, ఏ వీధి, ఎంతమంది అన్నవి వద్దు. కులం, ఇంటిపేరు అసలే వద్దు. అచ్చుకి ఇచ్చే ముందు ఆవిడకే చూపించి, ఏ మాట తీసేయమంటే ఆ మాట తీసేయండి. ఎక్కడ ముల్లుందో ఆవిడకే తెలుస్తుంది.

ఇక ఎవర్ని ఎంచుకోవాలి? మన వైపు అలవాటుగా పైవాళ్లే శాలువాలు కప్పించుకుని వెళతారు. అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి సీడీపీవో గారు ముఖ్య అతిథిగా రావొచ్చు, సన్మానం మాత్రం అంగన్‌వాడీ ఆయమ్మకి చేయండి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఊళ్లు తిరిగే కాంట్రాక్టు ఉద్యోగులు, కౌన్సెలర్లు ఎవరి కంటా పడరు. దొరికిన పిల్లని ప్రయాణ సమయం కాక ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఆ రాత్రి ఆటో మాట్లాడి పిల్ల పక్కన కూర్చుని వెళ్లేది ఎవరో కనుక్కోండి. వారం రోజులు బడికి రాకపోతే ఇంటికెళ్లి అడిగే మాస్టారు, తల్లి గల్ఫ్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘం లీడరూ ఈ కోవలోకే వస్తారు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు అలాంటి ఇళ్లు లేని వీధి అరుదు. (అలాగని ఆ అమ్మమ్మని వేదికెక్కించి బియ్యం బస్తా ఇస్తూ ఫొటో తీయకండి. అది సన్మానం కిందికి రాదు.)

ఎంపికకి ఒక పేజీ కాగితం చాలు. ఏం పని చేస్తారు, ఎన్నాళ్లుగా, డ్యూటీలో లేనిది ఏం చేశారు, ఈ సంగతి చెప్పగల మరో ఇద్దరెవరు. ఆ ఇద్దరూ ఆవిడ కింద పనిచేసేవాళ్లు కాకూడదు, చుట్టాలు కాకూడదు. కేసు కాగితాలు చూపించమని ఎవర్నీ అడగొద్దు, ఇస్తామన్నా తీసుకోవద్దు. పెళ్లి ఆపడం ఒక్క పూట పని. ఆ తర్వాత పిల్ల ఇంటర్‌లో చేరిందా, మళ్లీ రహస్యంగా ముహూర్తం పెట్టకుండా ఎవరు చూశారు అన్నది రెండేళ్ల పని. నా మటుకు రెండో రకం మనిషికే మొదటి శాలువా.

అనుమతి కాగితం చాలామంది మర్చిపోయేది. ప్రభుత్వ ఉద్యోగి తన గౌరవార్థం జరిగే సభకి వెళ్లాలంటే పై అధికారి అనుమతి ఉండడం మంచిది, లేకపోతే తర్వాత మెమో ఆవిడకి వస్తుంది, మీకు కాదు. అంగన్‌వాడీ వాళ్ల కోసం సీడీపీవోకి, ఆశా కార్యకర్త కోసం పీహెచ్‌సీ డాక్టరు గారికి, పోలీసుల కోసం స్టేషన్ ద్వారా ఎస్పీ ఆఫీసుకి మూడు వారాల ముందే ఉత్తరం ఇవ్వండి. తేదీ, చోటు, ఎవరెవరు మాట్లాడతారు, ఇచ్చే వస్తువు ఏమిటి, రాజకీయ పార్టీల ప్రమేయం లేదు అన్న సంగతులు అందులో ఉండాలి. ఎన్నికల కోడ్ ఉంటే వాయిదా వేసుకోండి. నగదు, వెండి వద్దు. శాలువా, పత్రం, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా అయితే ఎవరూ అభ్యంతరం పెట్టరు.

నలభై వేలని ఇలా సర్దొచ్చు. మనిషికి రెండు వేల చొప్పున బహుమతులకి పదహారు వేలు, ఎనభై భోజనాలకి పన్నెండు వేలు, షామియానా, కుర్చీలు, మైకుకి ఐదు వేలు, ఫ్రేము కట్టిన పత్రాలకి రెండు వేల నాలుగు వందలు, రానూపోనూ ఆటోలకి మరో రెండు వేల నాలుగు వందలు. మిగిలిన రెండు వేల రెండు వందలు చేతిలో ఉంచుకోండి, జనరేటర్ అవసరం పడకపోదు. గజమాలకీ పెద్ద ఫ్లెక్సీకీ పైసా పెట్టొద్దు. బహుమతి ఏమిటో అడిగి కొనండి. లంకల్లో తిరిగేవాళ్లు మంచి రెయిన్‌కోటు, ఛార్జింగ్ టార్చి, తడవని బ్యాగు కోరతారు. జ్ఞాపికలు ఇప్పటికే బీరువా మీద దుమ్ము పట్టి ఉంటాయి.

తేదీ దగ్గరే ఎక్కువ దెబ్బతింటారు. గల్ఫ్ నుంచీ హైదరాబాద్ నుంచీ అందరూ వస్తారని సంక్రాంతికి పెడితే, కోడిపందేల డ్యూటీలో ఉన్న మహిళా పోలీసుకి రావడం కుదరదు. నవంబరు 14న శాఖ కార్యక్రమాలతో వాళ్లకి ఊపిరి సలపదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్లిళ్ల రోజులు, వాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సిందే అప్పుడు. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం పది లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే అంగన్‌వాడీ, ఆశా వాళ్లంతా పునరావాస కేంద్రాల్లోనే. కార్తీక వనభోజనాలు అయ్యాక, ధనుర్మాసం లోపు ఒక ఆదివారం మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా పెట్టుకుంటే అందరికీ వీలు. అవతలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్లుంటే ఆఖరి పంటు (ఏరు దాటించే పడవ) ఎన్నింటికో ముందే కనుక్కోండి.

ప్రభుత్వ గుర్తింపు గురించి కూడా అడిగారు. ఆగస్టు 15, జనవరి 26న కలెక్టర్ ఇచ్చే ప్రశంసా పత్రాలకి పేర్లు శాఖల నుంచే వెళతాయి. కనీసం నెల ముందు అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ శాఖ జిల్లా అధికారి పీడీకి మీ సంఘం ఉత్తరం ఇవ్వండి, నకలు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. పద్మ పురస్కారాలకి రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో ఎవరైనా పేరు పంపొచ్చు, వివరణ ఎనిమిది వందల పదాలు మించకూడదు. అయితే డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప కొలువులో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులు వాటికి అర్హులు కారు. అన్నిటికన్నా చవకైనది, పనికొచ్చేది గ్రామసభ తీర్మానం. అభినందన తీర్మానం రాయించి, నకలు మీద పంచాయతీ కార్యదర్శి సంతకం తీసుకుని, ఆవిడ పై అధికారికి ఒకటి, ఆవిడ చేతికి ఒకటి ఇవ్వండి. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకి రెన్యూవల్ రోజున శాలువా కన్నా ఆ కాగితమే అక్కరకొస్తుంది.

సభ రోజు ఒక బల్ల వేసి 1098 (పిల్లలకి), 181 (మహిళలకి), 112 (అత్యవసరానికి) నంబర్లు పెద్ద అక్షరాలతో పెట్టండి. తండ్రి లేని పిల్లలకి మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద నెలకి నాలుగు వేల స్పాన్సర్‌షిప్ ఉందని చాలా ఇళ్లకి తెలియదు. పల్లెల్లో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 72 వేలు. దరఖాస్తు నింపిపెట్టే కుర్రాడొకణ్ణి అక్కడ కూర్చోబెట్టండి. వచ్చినవాళ్ల పేర్లు మైకులో పిలవకూడదని అతనికి ముందే చెప్పండి.

చివరి ప్రమాదం మైకే. ముఖ్య అతిథి ఊపులో ‘ఫలానా వారి అమ్మాయి విషయంలో’ అని మొదలెడతారు. ముందురోజే ఐదు లైన్ల కాగితం ఆయన చేతిలో పెట్టి, పిల్లల ప్రస్తావన ఎందుకు వద్దో చెప్పండి. విలేకర్లకి కూడా రాసిన నోటే ఇవ్వండి. ‘ఏ అమ్మాయండీ?’ అని అడుగుతారు. 74వ సెక్షన్ పేరు చెప్పి అక్కడితో ఆపేయండి.