అమెరికా ఉద్యోగంలో ఐ-9 ఫారానికి పదో తరగతి మెమో, డిగ్రీ ఒరిజినల్స్ పంపాలా?

నమస్కారం సార్. అమెరికాలో ఎమ్మెస్ పూర్తిచేసిన మీ అమ్మాయికి ఓపీటీ (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం వచ్చిందనీ, చేరేటప్పుడు ఐ-9 ఫారం కోసం పదో తరగతి మెమో, డిగ్రీ ఒరిజినల్స్ అనంతపురం నుంచి కొరియర్ చేయాలా అనీ అడిగారు. దయచేసి పంపకండి. ఐ-9కు వాటిలో ఒక్కటీ అక్కర్లేదు. నేను కర్నూలు నుంచి వెళ్లి ఇదే ఓపీటీ మీద అక్కడ ఉద్యోగంలో చేరినవాణ్ణి. మన దగ్గర ఉద్యోగమనగానే ముందు చదువు కాగితాలే అడుగుతారు గనుక మీ ఆందోళన నాకు అర్థమవుతోంది. కానీ ఈ ఫారం తేల్చుకునేవి రెండే: ఈ మనిషి ఎవరు, ఈ దేశంలో పనిచేసే అనుమతి ఉందా లేదా.

1986 నాటి వలస చట్టంతో వచ్చిన ఈ ఫారానికి చూపదగిన పత్రాలు ‘ఎ’, ‘బి’, ‘సి’ అని మూడు జాబితాలుగా ఉంటాయి. ‘ఎ’లో ఉన్నది ఒక్కటి చూపితే చాలు. అది లేనివారు ‘బి’ నుంచి ఒకటి, ‘సి’ నుంచి ఒకటి చూపాలి. మీ అమ్మాయికి వచ్చే ఈఏడీ (పనిచేయడానికి ప్రభుత్వమిచ్చే అనుమతి) కార్డు ‘ఎ’ జాబితాలోనిదే కాబట్టి అదొక్కటే సరిపోతుంది.

నేను చేరినప్పుడు హెచ్ఆర్‌లో ఒకావిడ ఈఏడీ చూశాక కూడా సోషల్ సెక్యూరిటీ కార్డు తెమ్మని పట్టుబట్టారు. జాబితాల్లో ఏది చూపాలన్నది ఉద్యోగి ఇష్టం, ఫలానాదే కావాలని యజమాని అడగకూడదు. ఫారంతోపాటు ఉండే జాబితాల పేజీ తీసి మర్యాదగా చూపించాను. ఆవిడ చదువుకుని, ఆ మాట వదిలేశారు. పైగా మన విద్యార్థులకిచ్చే ఆ కార్డు మీద ‘వాలిడ్ ఫర్ వర్క్ ఓన్లీ విత్ డీహెచ్ఎస్ ఆథరైజేషన్’ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుంది) అని అచ్చయి ఉంటుంది. ఆ మాట ఉన్న కార్డు ‘సి’ జాబితాకు చెల్లదు. అయితే జీతానికీ, ఈ-వెరిఫై (ఐ-9 వివరాలను ప్రభుత్వ రికార్డులతో ఆన్‌లైన్‌లో సరిచూసే) తనిఖీకీ ఆ కార్డు మీది సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి కాబట్టి దానికి దరఖాస్తు ఆలస్యం చేయవద్దని చెప్పండి.

ఫారంలో మొదటి భాగాన్ని చేరిన రోజుకల్లా అమ్మాయి నింపాలి, ఆ తర్వాత మూడు పనిదినాల్లోగా కంపెనీ పత్రాలు చూసి రెండో భాగం పూర్తిచేయాలి. ఈఏడీ మీద ఉన్న ప్రారంభ తేదీకి ముందు ఒక్క రోజు కూడా పని చేయకూడదు. కొత్త ఈఏడీకి దరఖాస్తు చేసిన రసీదు ఇక్కడ పనికిరాదు. చేతికొచ్చిన కార్డు పోయి, దాని బదులు మరొకటి అడిగినప్పటి రసీదైతే 90 రోజుల వరకు చెల్లుతుంది.

మనవాళ్లకు అసలు చిక్కు పేర్లతో వస్తుంది. పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే పడిపోయినవారికి వీసా మీద అసలు పేరు గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. అందుకే ఈఏడీ అందగానే పేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసుకుని, తప్పుంటే వెంటనే ఆ కార్డు ఇచ్చే వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి. ఈ-వెరిఫైలో వివరాలు కలవలేదని వచ్చినా కంగారుపడనక్కర్లేదు. సరిదిద్దుకునే ప్రక్రియ మొదలుపెట్టడానికి 8 ప్రభుత్వ పనిదినాల గడువుంటుంది, అది తేలేదాకా ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీసేయకూడదు.

ఈఏడీ రెండువైపులా స్కాన్ చేసి ఒక ప్రతి మీ దగ్గర కూడా ఉంచుకోండి, కానీ ఐ-9కు జిరాక్సు చాలదు, ఒరిజినల్ కార్డే కావాలి.