గబ్బిలం ఒంటి మీది ఈగలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో ఉష్ణమండల అడవుల గబ్బిలాలపై వచ్చిన వ్యాసం చదివి చాలామంది ప్రశ్నలు పంపారు. వాటిలో గబ్బిలాల నెత్తురు తాగి బతికే ఈగలకు సంబంధించినవి ఈసారి తీసుకున్నాం.

ప్రశ్న: మా ఊరి చెరువుగట్టు మీది మర్రిచెట్టుకు పెద్ద గబ్బిలాలు వందల కొద్దీ వేలాడుతుంటాయి. ఈమధ్య ఒకటి కరెంటు తీగకు తగిలి చచ్చి కింద పడింది. దాని బొచ్చులోంచి సాలీడులాంటి గోధుమరంగు పురుగు బయటికొచ్చి గబగబా పాకింది. దానికి రెక్కలు లేవు. అదేమిటి?
– ఒక పాఠకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: అది సాలీడు కాదు, ఈగ. మరోసారి కనిపిస్తే కాళ్ళు లెక్కపెట్టండి, సాలీడుకు ఎనిమిది, దీనికి ఆరే. మన దేశపు పెద్ద గబ్బిలాల మీద ఉండే ఇలాంటి ఈగ సైక్లోపోడియా సైకెసీ. మీరు చూసింది బహుశా అదే. ఇది నిక్టెరిబిడే అనే కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలోని ఈగలన్నీ రెక్కలు పూర్తిగా కోల్పోయాయి. వాటి తల మామూలు ఈగలకు మల్లే ముందుకు చూస్తూ ఉండదు, వీపు మీద ఉన్న చిన్న గాడిలోకి వెనక్కి మడిచి ఉంటుంది. నెత్తురు పీల్చాల్సి వచ్చినప్పుడే దాన్ని ముందుకు తిప్పుతుంది. ఒంటి మీద దువ్వెన పళ్ళలా వరుసకట్టిన ముళ్ళు, కాలి చివర వంపు తిరిగిన గోళ్ళు ఉంటాయి. గబ్బిలం వెనకకాలి గోళ్ళతో ఒళ్ళు దువ్వుకుంటున్నప్పుడు ఈగ జారిపోకుండా పట్టు దొరికేది వీటివల్లనే. చచ్చిన గబ్బిలం ఒళ్ళు చల్లబడటంతో అది బయటికి వచ్చి ఉంటుంది.

గబ్బిలాల ఈగల్లో రెండో కుటుంబం స్ట్రెబ్లిడే. వీటిలో ఎక్కువ జాతులు మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఉన్నాయి. కొన్నిటికి నిండు రెక్కలు, కొన్నిటికి కురచ రెక్కలు ఉంటే, కొన్నిటికి అసలే లేవు. రెండు కుటుంబాల్లో కలిపి సుమారు 500 జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆఫ్రికాలో నిద్రజబ్బును వ్యాపింపజేసే సెట్సీ ఈగలు వీటికి దగ్గరి బంధువులు.

ప్రశ్న: పనామా అడవుల్లో ఒక్కో జాతి గబ్బిలానికి దానికే పరిమితమైన ఈగలు ఉంటాయని రాశారు. ఒకే గుహలో నాలుగైదు జాతుల గబ్బిలాలు కలిసి ఉన్నప్పుడు, ఈగ ఒకదాని మీదినుంచి ఇంకొకదాని మీదికి ఎందుకు పోదు?
– జంతుశాస్త్రం చదువుతున్న డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మంచి ప్రశ్న వేశారు. దీనికి కొంచెం వివరంగానే చెప్పాలి.

పోలేక కాదు. వలలో చిక్కిన రెండు జాతుల గబ్బిలాలను ఒకే సంచిలో వేస్తే, బెదిరిన ఈగలు ఇటుదటూ అటుదిటూ మారిపోతాయి. ఒకే ఈగ అనేక జాతుల గబ్బిలాల మీద దొరికిందని చెప్పే పాత నమోదుల్లో కొన్ని ఇలా సంచిలో జరిగిన మార్పిడులే. అందువల్ల ఇప్పుడు జాగ్రత్తగా పనిచేసేవారు ఒక్కో గబ్బిలాన్ని ఒక్కో శుభ్రమైన గుడ్డసంచిలో ఉంచి, ఈగలను పట్టకారుతో తీసి, ఏ గబ్బిలానివి ఆ గబ్బిలం పేరుతోనే విడి సీసాలో ఆల్కహాలు పోసి భద్రపరుస్తారు. ఈ పద్ధతిలో పరాగ్వేలో సేకరించిన ఈగలను పరిశీలించి పరిశోధకుడు కార్ల్ డిక్ 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అత్యధిక ఈగ జాతులు ఒక్క గబ్బిలం జాతినే అంటిపెట్టుకుని ఉంటాయి. శక్తి ఉండి కూడా మారకపోవడమే ఇక్కడ ఆశ్చర్యం కలిగించే విషయం.

కారణం తెలియాలంటే ఈ ఈగ పిల్లను కనే తీరు చూడాలి. ఇది ఇంట్లో తిరిగే ఈగలాగా వందల గుడ్లు పెట్టదు. ఆడ ఈగ ఒక్క గుడ్డును కడుపులోనే పొదిగి, పుట్టిన లార్వాకు అక్కడే పాలగ్రంథుల నుంచి ఊరే ద్రవాన్ని పట్టి, పూర్తిగా పెరిగేదాకా మోస్తుంది. నెత్తురులో బి విటమిన్లు తక్కువ కాబట్టి వాటిని తయారుచేసే బాక్టీరియా ఈగ ఒంట్లో ఉంటాయి, పాలగ్రంథుల్లో కూడా వాటిని కనుగొన్నారు. పిల్ల ఎదిగాక తల్లి గబ్బిలాన్ని వదిలి గుహ గోడ మీదికో చెట్టు తొర్ర లోపలికో పాకిపోయి, లార్వాను అక్కడ అంటించి, వెంటనే గబ్బిలం మీదికి తిరిగి వచ్చేస్తుంది. తిండికి గబ్బిలం తప్ప మరో దిక్కు లేని ప్రాణి దాన్ని వదిలి బయటికొచ్చే ముఖ్యమైన సందర్భం ఇదే. లార్వా అక్కడే గట్టిపడి ప్యూపాగా మారుతుంది. సుమారు మూడు నాలుగు వారాలకు అందులోంచి వచ్చే ఈగ త్వరగా ఒక గబ్బిలాన్ని చేరుకోకపోతే ఆకలితో చచ్చిపోతుంది.

ఈ మూడు నాలుగు వారాల గడువే అసలు కీలకం. యురోడెర్మా బైలోబాటమ్ అనే గబ్బిలం ఆకు ఈనెలను కొరికి వంచి, గుడారంలా చేసుకుని దాని కింద తలదాచుకుంటుంది. ఆకు వాడిపోతే మరో ఆకుకు మారిపోతుంది. ఆకు మీద వదిలిన ప్యూపా పగిలేసరికి ఆ గబ్బిలం అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు. పొట్టితోక గబ్బిలం (కారోలియా పర్‌స్పిసిల్లాటా) సంగతి వేరు. మన తమలపాకు, మిరియాల తీగల ప్రజాతికే చెందిన పైపర్ మొక్కల పండ్లు తినే ఈ గబ్బిలం తొర్రల్లోనూ గుహల్లోనూ రోడ్ల కింది తూముల్లోనూ గుంపులుగా ఉంటుంది కనుక, గోడ మీద పుట్టిన ఈగకు ఎదురుగానే తిండి దొరుకుతుంది. వెనిజులాలో 1965–68 మధ్య అమెరికాకు చెందిన స్మిత్‌సోనియన్ సంస్థ చేపట్టిన సర్వేలో సుమారు 25 వేల గబ్బిలాల నుంచి 36 వేలకు పైగా ఈగలు దొరికాయి. ఆ సమాచారాన్ని బ్రూస్ ప్యాటర్సన్, కార్ల్ డిక్, కాథరీనా డిట్‌మార్ తిరగేసి చూసినప్పుడు, మూసి ఉన్న, ఎక్కువకాలం నిలిచే నివాసాల్లో ఉండే గబ్బిలాలకే ఈగల బెడద ఎక్కువని తేలింది. నా దృష్టిలో ఈ ఈగల కథలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే: ఈగ బతుకు గబ్బిలం ఒంటితో ఎంతగా ముడిపడి ఉందో దాని ఇంటితోనూ అంతే ముడిపడి ఉంది.

మరి మీరన్నట్టు నాలుగైదు జాతులు ఉండే గుహ మాటేమిటి? డిక్, ప్యాటర్సన్ చెప్పే కారణాలు రెండు. పరాయి గబ్బిలం మీదికి చేరిన ఈగకు అక్కడ జత దొరకదు, కాబట్టి దాని వంశం సాగదు. పైగా తరతరాలుగా ఒకే జాతి నెత్తురుకు అలవాటు పడిన ఈగకు కొత్త గబ్బిలం శరీరపు రోగనిరోధక ప్రతిస్పందనను తట్టుకోవడం కష్టం. దారి తప్పినవి లేకపోలేదు గానీ, వాటి సంతతి నిలవదు.

ఒకే గబ్బిలం మీద ఉన్న వేరువేరు ఈగలు చోటు పంచుకునే తీరు కూడా చూడదగ్గది. పొట్టితోక గబ్బిలం మీద మూడు జాతులు తరచుగా కనిపిస్తాయి. ట్రైకోబియస్ జోబ్లింగి ఎక్కువగా రెక్క పొర మీద అతుక్కుని ఉంటుంది. పొడుగాటి కాళ్ళున్న స్పైసేరియా ఆంబిగ్వా బొచ్చు పైపైన పరుగెడుతుంది. తల మీద దువ్వెన లాంటి ముళ్ళవరుస ఉన్న స్ట్రెబ్లా గ్వాహిరో బొచ్చును చీల్చుకుంటూ లోపల్లోపలే కదులుతుంది. దువ్వుకునే గబ్బిలం నుంచి తప్పించుకోవడానికి మూడింటివీ మూడు దారులు. పనామా ఈగల మీద పనిచేయదలచుకున్నవారు చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం 1966లో ప్రచురించిన పనామా బాహ్య పరాన్నజీవుల గ్రంథంతో మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: మా పాత గుడి గోపురంలో గబ్బిలాలున్నాయి. ఈ ఈగలు మనుషులను కుడతాయా? వీటివల్ల నిపా లాంటి జబ్బులు వస్తాయా? మందు కొట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మందు మాత్రం కొట్టించవద్దమ్మా. ఆ మందు ఈగలకన్నా ముందు గబ్బిలాలను, వాటి పిల్లలను చంపుతుంది. గోపురాల్లో ఉండే చిన్న గబ్బిలాల్లో చాలావరకు రాత్రంతా పురుగులను తినేవే. ఈ ఈగలు మనిషిని కుట్టడం చాలా అరుదు, మనిషి నెత్తురు మీద అవి బతకలేవు. వీటిలో బార్టొనెల్లా అనే బాక్టీరియాను చాలా దేశాల్లో కనుగొన్నారు. గబ్బిలాలకు వచ్చే ఒకరకం మలేరియా జీవిని (పాలీక్రోమోఫైలస్) మోసేది కూడా ఇవే, అయితే అది మనుషులకు సోకే మలేరియా కాదు. నిపా వైరస్ ప్రధానంగా వచ్చేది పెద్ద గబ్బిలాల లాలాజలం, మూత్రం తగిలిన ఆహారం వల్ల, సోకిన జంతువుల వల్ల, రోగులతో దగ్గరగా మెలగడం వల్ల. కనుక గబ్బిలాలు కొరికిన పండ్లు తినకండి, బతికినదాన్నయినా చచ్చినదాన్నయినా వట్టి చేతులతో ముట్టుకోకండి. రెట్ట ఎత్తేటప్పుడు ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకుని, దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి ఎత్తించండి.

ప్రశ్న: గబ్బిలం మీద ఈగ సరే, ఆ ఈగను పట్టి పీడించేదేమైనా ఉందా?
– తొమ్మిదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: ఉంది, నాయనా. లాబుల్‌బెనియేల్స్ అనే సూక్ష్మ శిలీంధ్రాలు ఈ ఈగల ఒంటి పైపొర మీద మొలుస్తాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరు కన్నా చిన్నది, సూక్ష్మదర్శిని కింద చిన్న మొటిమలాగో సన్నని పోగులాగో కనిపిస్తుంది. ఇవి నేల మీద గానీ గాలిలో గానీ విడిగా పెరగలేవు, బతికున్న ఈగ ఒళ్ళే వాటి చోటు. ఒక ఈగ మరొకదానికి తగిలినప్పుడు, ముఖ్యంగా జతకట్టేటప్పుడు, అంటుకుంటాయి. అమెరికా ఖండపు ఈగల మీద గ్లియాండ్రోమైసెస్ అనే ప్రజాతి కనిపిస్తుంది. పనామాలో గంబోవా పరిసరాల్లో పట్టిన గబ్బిలాల ఈగలను ఇందుకోసమే ఒక్కొక్కటిగా పరిశీలించారు. మ్యూజియంలలో దశాబ్దాలుగా ఆల్కహాలు సీసాల్లో ఉన్న పాత ఈగలను కూడా ఇప్పుడు మళ్ళీ తీసి చూస్తున్నారు, ఎందుకంటే వాటిని పట్టినవారి దృష్టి అప్పట్లో ఈగ మీదే ఉంది, దాని కాలి మీద మొలిచినదాని మీద కాదు.