ఓల్టేజీ తగ్గిస్తే లోడ్ తగ్గుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి మాంచెస్టర్‌లో ఉంటాడండీ. అక్కడ లోడ్ ఎక్కువైతే కరెంట్ తీసేయకుండా సబ్‌స్టేషన్ దగ్గరే ఓల్టేజీ కాస్త తగ్గిస్తారంట, ఇళ్లల్లో ఎవరికీ తెలీను కూడా తెలీదంట. నిజమేనా? మన దగ్గర ఎండాకాలం కోతలు పెట్టే బదులు ఇదే చేయొచ్చుగా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నిజమేనండీ. ఎలక్ట్రిసిటీ నార్త్ వెస్ట్ అనే కంపెనీ 2014-15లో ఆ ఏరియాలోనే 60 సబ్‌స్టేషన్లలో, సుమారు 4 లక్షల 85 వేల కనెక్షన్ల మీద ట్రయల్ చేసింది, దాని పేరు క్లాస్ ప్రాజెక్టు. జనాన్ని అడిగితే తేడా ఏమీ తెలీలేదన్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఓల్టేజీని మెట్లుమెట్లుగా మార్చే ట్యాప్ చేంజర్ అని ఒకటుంటుంది, దాన్ని ఒకట్రెండు మెట్లు కిందికి దించడమే పని, కరెంట్ పోదు.

లెక్క చూడండి, 230 ఓల్టుల దగ్గర 2000 వాట్లు లాగే గీజర్‌కి 218 ఇస్తే దాదాపు 1800 వాట్లే లాగుతుంది, అంటే ఓల్టేజీ 5 శాతం తగ్గితే లోడ్ 10 శాతం తగ్గినట్టు. కాకపోతే నీళ్లు కాగడానికి ఇంకొంచెం టైమ్ పడుతుంది కాబట్టి యూనిట్లు ఏమీ మిగలవు, ఆ పీక్ అరగంట గండం గట్టెక్కుతుందంతే. ఇక టీవీ, ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ ఏసీ అయితే ఓల్టేజీ తగ్గినా తమకి కావాల్సిన వాట్లు తాము లాగేసుకుంటాయి, ఆంప్స్ పెరుగుతాయి. స్టెబిలైజర్ పెట్టుకున్న ఇంట్లోనూ అంతే, సబ్‌స్టేషన్‌లో తగ్గించింది ఇక్కడ మళ్లీ ఎక్కించేస్తుంది!

అసలు సంగతి ఇప్పుడు చెప్తా. బ్రిటన్‌లో 216 నుంచి 253 దాకా రూలు ఒప్పుకుంటుంది, పాత 240 సిస్టమ్ కాబట్టి మామూలుగా ఇళ్లకి 240కి అటూఇటూగా వస్తుంది, అంటే తగ్గించడానికి చోటుంది. మన దగ్గర కూడా 1956 రూల్స్‌లోనే లో టెన్షన్‌కి, అంటే ఇళ్లకొచ్చే ఎల్టీ లైనుకి, 6 శాతం అటూఇటూ అని రాశారు, కానీ లైను చివరి ఇంట్లో సాయంత్రం 7 గంటలకి మీటర్ పెట్టి చూడండి, 190 చూపించే ఊళ్లు ఎన్నో. అక్కడ ఇంకో 5 శాతం కోస్తే ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ కాక మూలుగుతుంది, మోటార్లు వేడెక్కి కాలిపోతాయి. ఆ ఇంటివాళ్లకి ఇది కోత కన్నా పెద్ద నష్టం, దీన్ని నేను ఒప్పుకోను. ముందు ఓవర్‌లోడ్ ట్రాన్స్‌ఫార్మర్లు మార్చి, పొడుగు ఎల్టీ లైన్లు తగ్గించి, ఎక్కువ ఓల్టేజీ ఉండే 11 కేవీ లైనునే ఇళ్ల దగ్గరిదాకా తెచ్చి అక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టాలి. చివరి ఇంటికి 225 వచ్చిన ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) అప్పుడు నిశ్చింతగా చేయొచ్చు, చేయాలి కూడా.

ప్రశ్న: మాకు రివర్స్ అండీ, అర్ధరాత్రి 260 దాటుతోంది, బల్బులు పోతున్నాయి. ఎవరికి చెప్పాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు పక్కింట్లో ఎంతుందో అడగండి. మీకు పెరిగినప్పుడే వాళ్లకి తగ్గుతుంటే అది న్యూట్రల్ (కరెంట్ తిరిగి వెళ్లే వైరు) లూజ్, ప్రమాదం, మెయిన్ ఆపేసి వెంటనే కరెంటు కంప్లయింట్ల నంబరు 1912కి ఫోన్ చేయండి. వీధంతా ఎక్కువే ఉంటే రెండుమూడు రాత్రులు టైముతో సహా రీడింగ్ రాసి కరెంటు ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి కంప్లయింట్ ఇవ్వండి, ట్రాన్స్‌ఫార్మర్‌కి ట్యాప్ ఉంటే లైన్ ఆఫ్ చేసి ఒక మెట్టు మారుస్తారు. చిన్నవాటికి చాలావరకు ట్యాప్ ఉండదు, అప్పుడు సబ్‌స్టేషన్ దగ్గరే సరిచేయాలి. సాయంత్రం రీడింగ్ కూడా రాసివ్వండి, లేకపోతే రాత్రి కోసం ట్యాప్ దించితే సాయంత్రం లో ఓల్టేజీ వస్తుంది.